మంచు మీద నల్లచార

ఇంకా ఆరు కాలేదు. ఓరిన్ పెక్ రెండో బాయిలర్ అడుగున ఉన్న మర తిప్పి మడ్డినీళ్ళు వదిలాడు. నీళ్ళు బుసకొడుతూ కాలవలోకి పోయాయి. గాజుగొట్టంలో నీటిమట్టం వేలెడు దిగి, మళ్ళీ లేచి నిలబడింది. అతను కుడిచెవి అటు తిప్పి రెండు క్షణాలు విని, మర బిగించాడు. ఎడమచెవి పనిచేయదు. పంతొమ్మిదివందల యాభై ఎనిమిదిలో ఒక వాల్వు తన్నుకుపోయినప్పుడు ఆ చెవి పోయింది. అదే రోజు కాలిపోయిన కనుబొమలు మాత్రం సగం తిరిగొచ్చాయి. అందువల్ల అతని ముఖం ఎప్పుడూ కాస్త ఆశ్చర్యపోయినట్టుంటుంది. నిజానికి అరవై ఏడేళ్ళ ఆ మనిషిని ఆశ్చర్యపరిచిన సంగతులు చాలా తక్కువ.

మనిషి పొట్టి, దిట్టం. ముంజేతుల మీద వెంట్రుకలుండవు, పాత కాలిన మచ్చలుంటాయి. నలభై నాలుగేళ్ళుగా ఎల్డన్‌బరీ కాలేజీ బాయిలర్ గదిలో పని. అంతకుముందు అతని తండ్రి అక్కడే బొగ్గు ఎత్తిపోశాడు. కొండమీద ఎనిమిది భవనాలు, పన్నెండువందలమంది విద్యార్థులు. వాళ్ళు పొద్దున్నే లేచి వేడినీళ్ళతో స్నానం చేసి, ఆ నీళ్ళు గోడలోంచి వాటంతటవే వస్తాయనుకుంటూ తరగతులకు పోతారు. ఓరిన్‌కు దాని గురించి ఫిర్యాదేమీ లేదు. తన పనిలో తనను మించినవాడు ఈ జిల్లాలో లేడని అతనికి తెలుసు. ఆ సంగతి ఇంకెవరికీ తెలియకపోవడం అతనికి పెద్ద లోటుగా తోచలేదు.

బాయిలర్ల వెనక గోడకు పొడవాటి చెక్క అర ఉంది. దాని మీద పందొమ్మిది చెప్పుల పెట్టెలు. గదిలో ఎప్పుడూ ఒకే వెచ్చదనం, తేమ చేరదు కనుక కార్డులకు ఇంట్లోకన్నా ఇక్కడే సుఖమని అతని వాదం. పెట్టెల నిండా బొమ్మకార్డులే, అన్నీ ఒకే జాతివి. ఎనభై, తొంభై ఏళ్ళ కిందట విద్యార్థులు ఇంటికి రాసుకున్న కార్డులు. మీద దేశంలోని కాలేజీల పాత భవనాల బొమ్మలు: ఇటుక మేడలు, గంటగోపురాలు, తీగలు అల్లుకున్న రాతిగోడలు. కార్డులు పోగుచేసే మామూలు మనుషులు వాటిని రాష్ట్రాల వారీగా సర్దుకుంటారు. ఓరిన్ పొగగొట్టాల వారీగా సర్దాడు. ఒక గొట్టం ఉన్నవి, రెండున్నవి, గొట్టం కనబడక పొగ మాత్రం కనబడేవి.

వాటన్నిటిలోనూ అతను ప్రాణంగా చూసుకునేది చలికాలం కార్డుల పెట్టె. అది ఒక్కటే, అదీ సగమే నిండింది. ఫోటోలు తీసేవాళ్ళు చలికి బయటికి వచ్చేవాళ్ళు కాదు మరి. ఎండాకాలంలో ఆకులు పచ్చగా ఉన్నప్పుడు వచ్చి తీసుకుపోయి అచ్చేసుకునేవాళ్ళు. ఎప్పుడో ఒకడు మంచులో నిలబడి తీసిన కార్డు దొరికితే, దానిలో ఓరిన్ వెతికేది ఒకటే. భూమిలో పూడ్చిన ఆవిరిగొట్టం మీద మంచు నిలవదు. తెల్లటి మైదానం మీద బాయిలర్ నుంచి భవనం దాకా నల్లగా ఒక చార పడుతుంది. ఆ చార చూసి బాయిలర్ ఎక్కడుందో, గొట్టం ఎంత లోతున ఉందో, దాన్ని పూడ్చినవాడు పనిమంతుడో కాదో చెప్పేస్తాడు. నెలకోసారి అగ్నిమాపక కేంద్రం హాల్లో కార్డుల సంఘం కూడినప్పుడు తోటివాళ్ళు అతన్ని ఆటపట్టిస్తారు. "మేం భవనం అందం చూస్తాం ఓరిన్, నువ్వు దాని కడుపులో పేగులు చూస్తావు," అని. అతను దాన్ని పొగడ్తగానే తీసుకునేవాడు.

ఆ కాలేజీల్లో ఒక్కటంటే ఒక్కటే స్వయంగా చూశాడు. సెలవు పెట్టి, పదకొండు గంటలు బస్సులో కూర్చుని ఒహాయో వెళ్ళాడు. దిగీదిగగానే బాయిలర్ గది వెతుక్కుంటూ పోయాడు. అక్కడి బాయిలరాయన కాఫీ పోశాడు. సాయంత్రం దాకా ఇద్దరూ నీటిమట్టాల గురించి, తుప్పు గురించి మాట్లాడుకున్నారు. ఆఖరి బస్సెక్కాక గుర్తొచ్చింది, భవనం వైపు తలెత్తైనా చూడలేదని. అయినా ఆ ప్రయాణం గురించి ఎవరడిగినా, బ్రహ్మాండంగా ఉందనే చెప్పేవాడు.

ఈ అక్టోబరు గురువారం మాత్రం అతని బుర్రలో ఒహాయో లేదు, తన కొండమీది పచ్చిక లాన్ ఒక్కటే ఉంది. కాలేజీకి పెద్దదిక్కయిన పాత భవనాన్ని ఓల్డ్ మెయిన్ అంటారు. దాని గంటగోపురం పుచ్చిపోతే కొత్తది చేయించారు. రేపు పొద్దున దాన్ని క్రేనుతో పైకెక్కించాలి. క్రేను ఇవాళ రెండు గంటలకొచ్చి, బాయిలర్ గదికీ ఓల్డ్ మెయిన్‌కూ మధ్యనున్న పడమటి లాన్ మీద కాళ్ళు చాపుకుని నిలబడుతుంది. ఆ లాన్ కింద ఇటుకల సొరంగం ఉందంటాడు ఓరిన్. బాయిలర్ గది గోడలో ఎప్పుడో ఇటుకలతో మూసేసిన కమాను ఉంది. సమ్మెటతో కొడితే డొల్లగా మోగుతుంది. పాతకాలపు ఆవిరిగొట్టం దానిలోంచే పోయుంటుంది. పంతొమ్మిదివందల ఇరవై ఆరులో కొత్త గొట్టాలు రోడ్డు వారగా వేశాక సొరంగాన్ని అందరూ మరిచిపోయారు. నలభై టన్నుల క్రేను కాలు దాని నెత్తిన పడితే, గోపురంతో సహా క్రేను ఒరుగుతుంది. లోపల ఒక మనిషి కూర్చునుంటాడు.

సొరంగం ఉందనడానికి కమాను తప్ప సాక్ష్యం లేదు. పాత నక్షాలు ఏనాడో తగలబడ్డాయి. కాంట్రాక్టరు చేతిలో ఉన్నవి ఇరవై ఆరు తర్వాతివి. కమాను బొగ్గు దింపుకునే తలుపేమో అన్నాడు కాంట్రాక్టరు. కిందటివారం ఓరిన్ లాన్‌లో అక్కడక్కడా పొడిచి చూశాడు. కొండనేల కదా, అడుగుకొక రాయి తగిలింది. సొరంగం ఏ దారిన పోతోందో తెలియకుండా పొడిస్తే రాయేదో ఇటుకేదో తెలియదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకమని అతనికి ఊళ్ళో పేరుంది. ఈసారి కుందేలునే ఎవరూ చూడలేదు.

ఏడున్నరకు గారెట్ స్లోన్ వచ్చాడు. కాలేజీ భవనాలన్నిటికీ అతనే అధికారి. నలభై లోపు వాడు, చెడ్డవాడు కాదు. చంకలో చట్రం కట్టిన కార్డొకటి పెట్టుకొచ్చాడు.

"మంచు కార్డు, మంచు కార్డని నా ప్రాణం తోడేస్తున్నారుగా ఓరిన్. ఇదిగోండి. పూర్వవిద్యార్థుల ఆఫీసు గోడ మీంచి పీక్కొచ్చాను. మన ఓల్డ్ మెయినే. లాన్ నిండా మంచే. చారా లేదు, గీతా లేదు."

ఓరిన్ కళ్ళజోడైనా పెట్టుకోకుండా ఒకసారి చూశాడు.

"చెట్లు చూడు."

"చూశాను."

"ఏమున్నాయి వాటికి?"

గారెట్ కార్డును దీపం కిందికి జరిపాడు. "ఆకులు," అన్నాడు కాసేపటికి.

"నడి చలికాలంలో ఎల్మ్ చెట్టుకి ఆకులెక్కడివి నాయనా? ఇది జూన్‌లో తీసిన ఫోటో. జర్మనీలో అచ్చేసినవాడు పైన తెల్లరంగు పూసి చలికాలం కార్డని అమ్ముకున్నాడు. ఈ మంచు మన కొండ మీద పడింది కాదు. వాడి కుంచెలోంచి పడింది."

గారెట్‌కు నవ్వొచ్చింది. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "సరే, రేపు మీరు ఇంకో కార్డు తెస్తారు. అదీ కుంచె మంచే అంటాడు కాంట్రాక్టరు. అప్పుడు?"

"రంగు కార్డు అబద్ధమాడుద్ది. ఫోటో కాగితం మీద నేరుగా దించిన కార్డు ఆడదు. అలాంటిదే తెస్తా."

"చూడండి, మీ మాట నేను నమ్ముతాను. నేను నమ్మితే క్రేను కాలు పక్కకి జరగదుగా. రోడ్డు వైపు పెట్టాలంటే కరెంటు తీగలు దింపించాలి, ఒక రోజు పోద్ది. నాక్కాగితం కావాలి ఓరిన్. రెండింటి లోపల."

"రెండింటికి ముందే తెస్తా," అన్నాడు ఓరిన్, బాయిలర్‌లో నీళ్ళున్నాయని చెప్పినంత ధీమాగా. ఆ కార్డు ఎక్కడుందో అతనికి తెలియదు. అసలుందో లేదో కూడా తెలియదు.

గారెట్ వెళ్ళాక పెట్టెలు దింపాడు. ఎల్డన్‌బరీ కార్డులు ముప్ఫై ఒకటి. ఒక్కొక్కటీ వెయ్యిసార్లు చూసినవే. మళ్ళీ చూశాడు. ముప్ఫై ఒకటీ ఎండాకాలంవే. ఎల్మ్ చెట్లు, గొడుగు పట్టిన ఆడవాళ్ళు, గడ్డి కోస్తున్న గుర్రబ్బండి. పదింటికి లైబ్రరీ నేలమాళిగలో కారుతున్న గొట్టం బిగింపు సరిచేసి మెట్లెక్కుతుంటే ఛాతీలో బరువు తెలిసింది. వారంగా వస్తూనే ఉంది. తప్పు తాను తినే సాసేజీ మాంసానిదని తేల్చి, కమ్మీ పట్టుకుని నిలబడి, బరువు దిగాక పైకెక్కాడు.

గురువారం మధ్యాహ్నం అతను భోజనానికి డిపో వీధికి పోతాడు. మ్యూరియల్ డ్వయర్ ఇంటికి. పద్నాలుగేళ్ళుగా ఆ నియమం తప్పలేదు. ఆమె సూప్ చేస్తుంది, అతను డోనట్లు పట్టుకెళతాడు. ఒకరంటే ఒకరికి ఇష్టమని ఊరందరికీ తెలుసు. వాళ్ళిద్దరూ మాత్రం దాన్ని గురువారం సూప్ అనే పిలిచేవాళ్ళు.

మ్యూరియల్ పోస్టాఫీసు కిటికీ వెనక ఇరవై ఏడేళ్ళు కూర్చుని రిటైరైన మనిషి. పొడుగు, ఎముకల గూడు, మెడలో గొలుసుకు భూతద్దం. ఆమె కూడా కార్డులు పోగుచేస్తుంది. కాకపోతే ఆమెకు కావలసింది బొమ్మ కాదు, వెనకున్న పోస్టు ముద్ర. అదీ మూతపడిన పోస్టాఫీసులదే. ఊరు పోయి, పోస్టాఫీసు పోయి, ముద్ర ఒక్కటి మిగిలితే ఆమెకు పండగ. అందుకని ఆమె ఆల్బముల్లో కార్డులన్నీ వీపు పైకి పెట్టి, నాలుగు మూలలా కాగితం త్రికోణాల్లో బిగించి ఉంటాయి. ముఖాలు నల్లకాగితానికేసి ఉంటాయి. ముఖముండగా వీపు చూసి పెళ్ళాడే రకమని ఓరిన్ వెక్కిరింపు. మొదటి ఏడాదిలో ఒకసారి, ముఖం చూద్దామని ఒక కార్డు లాగబోయాడు. మూల చిరిగింది. ఆమె అతని చేతి మీద చెంచాతో కొట్టింది. మళ్ళీ ముట్టుకోలేదు.

"రా, పొగగొట్టాలాయనా. డోనట్లేవీ?"

"మర్చిపోయాను పోస్టమ్మా."

ఆమె గరిటె ఆపి అతని ముఖంలోకి చూసింది. పద్నాలుగేళ్ళలో అతను డోనట్లు మరిచిపోవడం ఇదే మొదలు. "కూర్చో. ఏమైందో చెప్పు."

బఠాణీల సూప్ ఉడుకుతుండగా అతను చెప్పాడు. సొరంగం, క్రేను, తెల్లరంగు పూసిన కార్డు. తనకు కావలసిన చార ఎలా ఉంటుందో బల్లమీద వేలితో గీసి చూపించాడు.

"గొట్టం పోయినంత మేరా నేల వెచ్చగా ఉండిద్ది. మంచు కరిగిపోద్ది. జంతువులకి తెలుసు ఆ సంగతి. మెయిన్ రాష్ట్రం కార్డు ఒకటుంది నా దగ్గర. దాంట్లో చార మీద కాకులు వరసగా కూచునుంటాయి. ఇంకో దాంట్లో కుక్క..."

"కుక్కా?" అంది మ్యూరియల్.

"ఆఁ, కుక్క. ఏం?"

ఆమె పొయ్యి ఆర్పేసింది. కిటికీ వైపు తిరిగి, బళ్ళో పాఠం అప్పజెప్పే పిల్లలా మొదలుపెట్టింది. "‘అమ్మకు. ఇక్కడ చలికి సిరా కూడా గడ్డకడుతోంది. కాలేజీ మొత్తానికి వెచ్చటి చోటు ఒక్కటే. దాన్ని ప్రిన్సిపాలుగారి కుక్క ఆక్రమించింది. తరగతికి పోయేముందు దాన్ని అదిలించి ఒక్కొక్కళ్ళం కాసేపు నిలబడతాం. నీ వాల్టర్.’ పంతొమ్మిదివందల పన్నెండు, ఫిబ్రవరి. మీ కొండ మీద నాలుగేళ్ళే నడిచి మూతపడిన పోస్టాఫీసుందే, దాని ముద్ర."

ఓరిన్ కుర్చీలోంచి లేచాడు.

"నలభై ఏళ్ళబట్టీ కంఠతా వచ్చు నాకు," అంది ఆమె. "ఆ కుక్క లోపల పొయ్యి పక్కన పడుకునుంటుందనుకున్నా. బయట అనుకోలేదు."

"బొమ్మేంటి దాని మీద?"

"నాకేం తెలుసు? నేనెప్పుడన్నా చూశానా?"

ఆల్బము తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆ పోస్టాఫీసువి తొమ్మిది కార్డులున్నాయి. వాల్టర్ రాసింది ఆరోది. త్రికోణాల్లో జిగురు ఎండి రాయయింది. ఆమె ఉత్తరాలు చించే పలచటి కత్తి తెచ్చి ఒక్కొక్క మూల కింద దూర్చింది. మొదటి మూల వచ్చింది. రెండోదీ వచ్చింది. మూడోది పుటుక్కున విరిగింది. ఆమె ఏదో తిట్టు తిట్టి, నాలుగోది కూడా విడిపించి, కార్డు తిప్పింది.

ఫోటో కాగితమే, రంగు లేదు. ఓల్డ్ మెయిన్, పడమటి తలుపు, మోడు ఎల్మ్ చెట్లు, అంతటా మంచు. ఆ మంచు మధ్యలో, భవనం నేలమాళిగ మూడో కిటికీ దగ్గర మొదలై, గుర్రాలెక్కడానికి వేసిన నల్లరాతి దిమ్మె పక్కగా, వంకరలేకుండా కిందికి దిగిన నల్లచార. చార మీద పెద్ద కుక్క ఒకటి కాళ్ళు బారచాపి పడుకునుంది.

ఓరిన్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వాటిని తుడుచుకోవాలని అతనికి తోచలేదు.

"చంకలో పిల్లని పెట్టుకుని పద్నాలుగేళ్ళు ఊరంతా వెతికావు," అంది మ్యూరియల్.

"చంక నీది పోస్టమ్మా. పిల్లని వీపు తిప్పి పెట్టావు."

"బొమ్మలు పిచ్చివాళ్ళకి, మాటలు తెలివైనవాళ్ళకీ అని అనుకున్నాన్లే."

"నేనూ దాన్నే తిరగేసి అనుకున్నా." అతను టోపీ తీసుకున్నాడు. "ఇది తీసుకెళ్ళాలి. ఒక్క గంట."

అప్పటిదాకా ఆమె ఇంటి గడప దాటి ఒక్క కార్డు కూడా బయటికి పోలేదు. ఆమె లేచి కోటు తొడుక్కుంది. "కార్డు ఎక్కడికెళితే నేనక్కడికి," అంటూ దాన్ని మైనం కాగితంలో చుట్టి చేతిసంచిలో పెట్టుకుంది. సూప్ పొయ్యి మీదే ఉండిపోయింది.

వాళ్ళు కొండెక్కేసరికి క్రేను అప్పటికే లాన్ మీదికొచ్చి ఉంది, ఒక కాలు సగం చాపుకుని. దాన్ని నడిపే క్లిఫ్ నోవాక్ కింద నిలబడి చెక్కదిమ్మలు సర్దుతున్నాడు. కాంట్రాక్టరు మనిషి నక్షా పట్టుకుని ఉన్నాడు. గారెట్ గడియారం చూసుకుంటున్నాడు. రెండుకు పదినిమిషాలుంది.

మ్యూరియల్ కార్డు తీసింది. క్లిఫ్ చేయి చాచాడు.

"చేతులు కడుక్కున్నావా?" అంది ఆమె.

"లేదమ్మా."

"అయితే కళ్ళతో చూడు."

క్లిఫ్ వంగి చాలాసేపు చూశాడు. కాంట్రాక్టరు మనిషి పక్కనించి తొంగిచూసి, ఇలాంటివి ఎలాగైనా తయారుచేయొచ్చన్నాడు. క్లిఫ్ అతని వైపు తల తిప్పలేదు. "మనుషులెవరన్నా తయారుచేస్తారేమో. కుక్క అంత సుఖంగా ఊరికే పడుకోదు మంచులో. ఎవరన్నా ఒక తాడివ్వండి," అన్నాడు.

మూడో కిటికీ ఉంది. నల్లరాతి దిమ్మె కూడా ఉంది, విద్యార్థులు దాని మీద కూర్చుని సిగరెట్లు కాలుస్తారు. రెంటి మధ్యా తాడు లాగి కట్టారు. క్లిఫ్ తన లారీలోంచి పొడవాటి గునపం తీశాడు. అది ఓరిన్ తీసుకున్నాడు. తాము పొడుస్తామన్నవాళ్ళకు ఇవ్వలేదు.

మొదటి చోట మూడడుగుల లోతున తగిలింది. రాయి ఠంగుమంటుంది. ఇది డుబ్బుమంది. తాడు వెంట ఆరడుగులు నడిచి మళ్ళీ పొడిచాడు. అదే లోతు, అదే మోత. గారెట్ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. మూడోసారీ అంతే. కొండరాళ్ళు మూడుచోట్ల ఒకే లోతున వరస కట్టవు. నాలుగో చోటు, క్రేను కాలు దిగాల్సిన దిమ్మలకు జానెడు దూరం. ఓరిన్ గునపం పైకెత్తి దించాడు. మూడడుగుల దగ్గర తగలాల్సింది తగల్లేదు. గునపం సర్రున దిగిపోయింది. అది చేతుల్ని కూడా లాగేయడంతో అతను మోకాళ్ళ మీద పడ్డాడు. కన్నంలోంచి తడి ఇటుకల వాసన, మూతపెట్టిన నూతి వాసన వచ్చింది.

క్లిఫ్ రంగు తగ్గిన ముఖంతో ఆ కన్నం వైపు చూసి, పైన తాను కూర్చునే గాజుగది వైపు చూసి, ఎక్కి కూర్చుని, కాలు ముడిచి, క్రేనును అంగుళం అంగుళంగా వెనక్కి తీసుకెళ్ళాడు. కాంట్రాక్టరు మనిషి నక్షా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఓరిన్, నేను..." అన్నాడు గారెట్.

"కాగితమూ దొరికింది, కన్నమూ దొరికింది. ఇక తీగలు దింపించు పో," అన్నాడు ఓరిన్ మోకాళ్ళు దులుపుకుంటూ. ఆ క్షణంలో అతనంత ఆనందంగా ఉన్న మనిషి ఆ కొండ మీద ఇంకొకడు లేడు.

గునపం బయటికి లాగబోయాడు గారెట్. ఓరిన్ వద్దన్నాడు. రేపు చీకట్లో ఎవడో లారీ తోలుకొస్తాడు, వాడికి గుర్తుండాలి. దాన్ని కన్నం పక్కన గట్టినేలలోకి దిగగొట్టించి, జేబులోంచి నీలం చేతిరుమాలు తీసి దాని మెడకు రెండు ముళ్ళేసి కట్టాడు.

మ్యూరియల్ కార్డును మళ్ళీ మైనం కాగితంలో చుట్టింది. ఆమెను దారిదాకా సాగనంపుతూ అడిగాడు. "మిగతా ఎనిమిదీ?"

"ఆశ చూడు. గురువారానికి ఒకటి తిప్పుతా. అంతకుమించి లేదు."

"ఎనిమిది గురువారాలు. బాగానే ఉంది లెక్క."

"డోనట్లు మర్చిపోయావంటే అదీ లేదు."

అతను నవ్వుకుంటూ బాయిలర్ గదికి వచ్చాడు. నాలుగున్నరకు ఆటల నుంచి తిరిగొచ్చిన పిల్లలు స్నానాలకు పోతారు, ఆవిరి పెంచాలి. పెంచాడు. ఒత్తిడి చూపే ముల్లు ఉండవలసిన చోటుకొచ్చి నిలబడింది. ఛాతీలో బరువు మళ్ళీ వచ్చింది, ఈసారి చేతి దాకా. కుర్చీలో కూర్చుని, అది దిగేదాకా ఆగుదామనుకుని, కుడిచెవి బాయిలర్ వైపు పెట్టి కళ్ళు మూసుకున్నాడు. అయిదింటికి పని మార్చుకోవడానికి వచ్చిన లెస్టర్, నిద్రపోతున్నాడనుకుని కాసేపు చప్పుడు చేయకుండా తిరిగాడు. ఓరిన్ చేతులు ఒళ్ళో ఒకదాని మీదొకటి ఉన్నాయి. కొండమీద ఎనిమిది భవనాల్లోనూ నీళ్ళు వేడిగానే వస్తున్నాయి.

గోపురం ఒకరోజు ఆలస్యంగా, శనివారం, రోడ్డు వైపునుంచి ఎక్కింది. గంట మోగించారు. ప్రసంగాల్లో ఇంజనీర్ల పేర్లు చదివారు. గారెట్ లేచి ఓరిన్ పెక్ పేరు చెప్పి కూర్చున్నాడు. క్లిఫ్ నోవాక్ టోపీ తీశాడు.

తర్వాతి గురువారం మ్యూరియల్ మాట ప్రకారం ఒక కార్డు తిప్పింది. ఎండాకాలం కార్డు. "ఆకులున్నాయి ఓరిన్," అని పైకే అంది. అని, బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. చెప్పుల పెట్టెలు ఆమెకే వచ్చాయి. పందొమ్మిదింటిలో ఒక్క కార్డు కూడా ఆమె వెనక్కి తిప్పి ముద్ర కోసం చూడలేదు. అతను సర్దిన వరస చెడిపోతుందని భయం.

సొరంగం పూడ్చే పని వసంతానికి వాయిదాపడింది. అంతదాకా గుర్తు తీయొద్దని గారెట్ తోటమాలులకు చెప్పాడు. నవంబరు మూడోవారంలో మొదటి మంచు పడింది. సొరంగంలో ఆవిరి లేదు కాబట్టి చారేమీ పడలేదు, ఓల్డ్ మెయిన్ దాకా నేలంతా ఒకటే తెలుపు. దాని మధ్య మూరెడు ఎత్తున గునపం నిలబడి ఉంది. దాని మెడకు నీలం రుమాలు గడ్డకట్టి బిరుసెక్కి ఉంది, వేసిన రెండు ముళ్ళూ ఊడకుండా.